మూడో మజిలీ

కాసా లుంగా,
15 మార్చి 1999

ఒరే నెల్లో,

ఫ్లోరెన్సులో కుర్చీలో కూర్చుని కొండల్లో సైకిలు యాత్రలు నడిపించే దొరగారికి, ఆ కొండల్లోనే బంకమట్టి తొక్కుకుంటూ బతుకుతున్న అక్క రాస్తున్నది. నడుంనొప్పి తగ్గిందా? నాకు చలికాలమంతా దగ్గే. ఇప్పుడు పోయింది.

సంగతేమిటంటే మొన్న శనివారం నీ జనం రాలేదు. మార్చి రెండో శనివారం మొదలని నువ్వు అచ్చేసిన కాగితంలోనే ఉంది, పదేళ్ళుగా అంతే కదా. నేను శుక్రవారమే పిండి కలిపాను. మల్బరీ చెట్టు కింద బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి, రొట్టె, బీన్సు, గొర్రెపాల చీజు, వైను అన్నీ సర్దాను. స్టాంపు ప్యాడు మీద కొత్త సిరా పోసుకుని కూర్చున్నాను. పన్నెండయింది, ఒంటిగంటయింది, రెండయింది. మా కుక్క బ్రూమా బాట చివర పడుకుని అటే చూస్తోంది. చివరికి పొరుగింటి ఒరెస్తె కంచె దాటి వచ్చాడు.

"ఏం ఇసోలీనా, మగపెళ్ళివారు ఎగ్గొట్టారా? పోనీ నన్ను తినమంటావా?" అన్నాడు. అనడమేమిటి, ముగ్గురి తిండి తినేసి పోయాడు.

నీ మనుషులు రావడమంటే నాకేమిటో నీకు తెలియనిది కాదు. వారమంతా నేను మాట్లాడేది కోళ్ళతోనే. ఫోను కూడా మా ఆయన అన్సానో పోయిన తర్వాత తీయించేశాను. శనివారం పదిమంది చెమటలు కక్కుకుంటూ ఎక్కి వస్తారు. నీళ్ళు తాగి, మజిలీ కార్డు మీద నాచేత ముద్ర వేయించుకుని, "పొద్దుట్నించి ఒక్క మోటారు చప్పుడు వినలేదమ్మా" అని మురిసిపోతారు. అప్పుడు వాళ్ళకి అన్సానో గురించి చెప్తాను. మీరెక్కిన సైకిళ్ళన్నీ ఒకప్పుడు ఆయన చేతుల్లో బాగుపడినవే అని, ఆయన తారురోడ్డు మీద లారీ కింద పోయాడని. ఆయనని ఆ రోడ్డెక్కించింది ఎవరో, తప్పెవరిదో అదీ దాచను. దాచి ఎవరికి పెట్టను? చెప్పుకుంటే ఆ వారం నాకు ఊపిరాడుతుంది. ఆ శనివారాలే లేకపోతే నేనేమైపోతానో నాకే తెలియదు.

తేదీ మార్చేసి ఉంటే ఒక ముక్క రాయి. నువ్వు కూడా ఒకసారి రా. అన్సానో ఏడాది ప్రార్థనకి వచ్చినవాడివి, మళ్ళీ మొహం చూపించలేదు.

నీ అక్క,
ఇసోలీనా


ఫ్లోరెన్సు,
24 మార్చి 1999

అక్కా,

ఉత్తరం అందింది. నడుం అలాగే ఉంది.

నీకు ముందే చెప్పాల్సింది. పని ఒత్తిడిలో మర్చిపోయాను. ఫిబ్రవరి వానలకి మీ ఇంటి కింద మలుపులో గట్టు జారింది. మా గైడు వాస్కో వెళ్ళి చూసి వచ్చాడు. బురదలో చక్రాలు దిగబడితే అతిథులు పడతారు. వీళ్ళు మిలాను, టురిను నుంచి వచ్చే డాక్టర్లూ లాయర్లూ, మనలాగా మోకాళ్ళు చెక్కుకుపోతే ఉమ్మి రాసుకుని పోయే రకం కాదు. అందుకని జూను దాకా దారి మార్చాం.

ఇంకో చిన్న పని ఉంది. దీనితో ఒక కాగితం పంపుతున్నాను. కొండ కింద మీ ఆలివు తోట అంచుమీదుగా సైకిళ్ళు పోవడానికి అనుమతి. తోట ఇప్పుడు నీ పేరుమీదుంది కాబట్టి నీ సంతకం కావాలి. ఆ తోట దాటకపోతే మూడు కిలోమీటర్లు తారురోడ్డు మీద పోవాల్సి వస్తుంది. దారి మొత్తంలో మోటారు బండి కనపడదని మేము అచ్చులో రాసుకున్నాం, ఆ మాట మీదే జనం వస్తున్నారు. అంతా చదవనక్కర్లేదు, కింద గీత దగ్గర సంతకం చేసి వెంటనే పంపు.

నెల్లో


కాసా లుంగా,
18 ఏప్రిల్ 1999

ఒరే నెల్లో,

సంతకం చేసి పంపాను, ఈపాటికి అందే ఉంటుంది. తోటేం ఖర్మ, ఇల్లు కావాలన్నా రాసిస్తాను, మధ్యలో ఈ కాగితాలెందుకు?

నీ వాస్కోకి కళ్ళద్దాలు కొనిపెట్టు. జారిన గట్టు కోసం మలుపు మలుపూ వెతికాను. ఎక్కడా లేదు. మలుపు దగ్గర మాత్రం ట్రాక్టరు చక్రాలకి మోకాటి లోతు గుంతలు పడ్డాయి. వాటిని చూసి బెదిరిపోయి ఉంటాడు పాపం. సరే, జూను దాకా ఎందుకు ఆగాలని నేనే దిగాను. కూలిపోయిన పందుల కొట్టం పెంకులు, ఇటుక ముక్కలు ఒంటిచక్రం బండిలో వేసుకుని రోజుకి పద్నాలుగు తడవలు తిరిగాను. మూడు వారాలు. పెంకులు పోసి, సుత్తితో చితక్కొట్టి, పైన కంకర పరిచి, అన్సానో బూట్లు వేసుకుని తొక్కాను. ఒరెస్తె మొదట్లో నవ్వాడు.

"మున్సిపాలిటీ వాళ్ళు నీకు ఉద్యోగమిచ్చారా ఏంటి?" అన్నాడు.

"వాళ్ళిచ్చేదేంటి, నా తమ్ముడే ఇచ్చాడు" అన్నాను.

అరవైరెండేళ్ళ మనిషిని ఆ పని చేస్తుంటే చూడలేక నాలుగో రోజు తనూ పార పట్టుకొచ్చాడు. నా అరచేతుల్లో తోలు ఊడిపోయింది. పెన్ను పట్టుకుంటే మండుతోంది, అందుకే అక్షరాలు ఇలా వంకరటింకరగా ఉన్నాయి. అయితేనేం, ఇప్పుడు ఆ బాట మీద పసిపిల్లని ఉయ్యాల బండిలో పడుకోబెట్టి తోసినా నిద్ర లేవదు.

వచ్చే శనివారం పంపు. వాళ్ళకి ఇష్టమని ఈసారి బచ్చలాకు కలిపిన రికోట్టా చీజు కూడా చేస్తాను.

నీ అక్క,
ఇసోలీనా


ఫ్లోరెన్సు,
30 ఏప్రిల్ 1999

అక్కా,

నిన్ను బాట వేయమని ఎవరడిగారు? నీకు ఏమన్నా అయితే ఊళ్ళో అందరూ నన్నంటారు. ఎప్పుడూ ఇంతే నువ్వు. ఎవరూ అడగని పని చేసి, తర్వాత ఎదుటివాడిని బాకీదారుణ్ణి చేస్తావు.

గట్టు ఒక్కటే కాదు సమస్య. నిన్ను బాధ పెట్టడం ఎందుకని రాయలేదు. మీ కుక్క. పోయిన అక్టోబరులో బెర్గమో నుంచి వచ్చిన ఒకావిడ మీదికి అది దూకితే ఆవిడ బెదిరి పడిపోయింది. మణికట్టు విరిగింది. బీమా వాళ్ళు అభ్యంతరం పెట్టారు. కుక్క ఉన్న చోట మజిలీ పెట్టడానికి వీల్లేదన్నారు. నా చేతిలో ఏమీ లేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

నెల్లో


కాసా లుంగా,
26 మే 1999

నెల్లో,

బ్రూమా ఎవరిమీదికన్నా దూకిందంటే మొదట నమ్మలేదు. అది పదమూడేళ్ళ ముసలిది, మెట్టెక్కడానికే ఆలోచిస్తుంది. కానీ బల్లమీది చీజు వాసనకి ఒక్కోసారి దానికి యవ్వనం వస్తుంది. మణికట్టు విరిగిందంటున్నావు. ఆవిడ ఎంత బాధపడిందో ఏమో, నాతో ఒక్క మాట చెప్పలేదు పాపం. ఆవిడ అడ్రసుంటే పంపు, క్షమించమని రాస్తాను.

కుక్కని సార్డీనియా నుంచి వచ్చిన గొర్రెల కాపరికి ఇచ్చాను, వాగు అవతల. మూడో రోజు పొద్దున్న తలుపు తీస్తే గుమ్మంలో ఉంది. అరికాళ్ళు నెత్తురు. మళ్ళీ తీసుకెళ్ళి అప్పగించాను. ఈసారి గొలుసు తెంపుకుని వచ్చింది. కాపరి, "ఇదింక ఎక్కడా ఉండదమ్మా, నీ దగ్గర పెట్టుకో, లేదా దానికొక దారి చూపించు" అన్నాడు.

పోయిన గురువారం పశువుల డాక్టరుని పిలిపించాను. వంటింట్లో అన్సానో కోటు పరిచి దానిమీద పడుకోబెట్టాను. సూది వేసేదాకా తోక ఆడిస్తూనే ఉంది. డాక్టరు, "దీనికి జబ్బేమీ లేదే, ఎందుకండీ?" అని రెండుసార్లు అడిగాడు. నేనేం చెప్పను? బీమా వాళ్ళు ఒప్పుకోలేదని చెప్పాను. తోటలో పూడ్చాం. గొయ్యి ఒరెస్తె తవ్వాడు, పార అక్కడే పడేసి ఇంటికి పోయాడు.

అన్సానో పెంచిన కుక్కరా అది. ఆయన వాసన ఎరిగిన ప్రాణం ఈ ఇంట్లో ఇంకేదీ లేదు. అయినా చేశాను. ఇప్పుడు గట్టూ లేదు, కుక్కా లేదు. ఏ శనివారం పంపుతావో రాయి.

అక్క


ఫ్లోరెన్సు,
7 జూన్ 1999

అక్కా,

కుక్క సంగతి విని బాధపడ్డాను. అంత దూరం పోతావనుకోలేదు. ఎవరికన్నా ఇచ్చేస్తే సరిపోయేది.

సీజను మధ్యలో దారి మార్చడం కష్టం. కార్డులన్నీ అచ్చయిపోయాయి. సెప్టెంబరులో చూద్దాం.

నెల్లో


కాసా లుంగా,
20 జూన్ 1999

నెల్లో,

నిన్న శనివారం మేడ కిటికీలో దుప్పటి ఆరేస్తుంటే కింద ఆలివు తోటలో రంగురంగుల చొక్కాలు కనిపించాయి. పదకొండు మంది. ఒకరి వెనక ఒకరు వాలులో జారిపోతున్నారు. ఒక్క చప్పుడు లేదు. మన ఆలివులు, వాటి వెనక కోతకొచ్చిన గోధుమ, మధ్యలో వాళ్ళు. చూడ్డానికి ఎంత బాగుందనుకున్నావు! చెయ్యి ఊపాను. ఒకావిడ తిరిగి ఊపింది కూడా. నాకెంత సంతోషమేసిందో. వాళ్ళు దారి తప్పారనుకుని, పొద్దుటి రొట్టె గుడ్డలో చుట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా దిగి పరుగెత్తాను.

అక్కడ చెట్టుకింద బల్ల వేసి ఉంది. ప్లాస్టిక్ పళ్ళేలు. బజారు రొట్టె. కొత్త స్టాంపు, దానిమీద "మూడో మజిలీ" అని. వాస్కో నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"పిన్నిగారూ, ఇంత ఎండలో ఎందుకు దిగొచ్చారు?"

"దారి తప్పారు కదయ్యా, ఇల్లు పైన" అన్నాను.

"తప్పడమేంటి పిన్నిగారూ, దారిదే. మీరు సంతకం పెట్టిన దగ్గర్నుంచీ ఇదే కదా."

"గట్టు జారిందనేనా?"

"ఏ గట్టు?" అన్నాడు.

అంటే నేను మూడు వారాలు పెంకులు మోసింది గాలికి. నా ఇల్లు తప్పించి పోయే దారికి నాచేతే సంతకం చేయించావు. ఇంకా నయం, గీత దగ్గర చేయమన్నావు కాబట్టి వంకర పోకుండా చేశాను. నేను రొట్టె ఇవ్వబోతే ఆ చెయ్యి ఊపిన ఆవిడే, "వద్దండీ, మేం తినేశాం" అంది. పక్కనున్నాయన మెల్లగా, "ఎవరీవిడ?" అని వాస్కోని అడిగాడు. వాస్కో, "ఈ తోట వీళ్ళదేనండీ" అని ఊరుకున్నాడు. రొట్టె పట్టుకుని మళ్ళీ కొండెక్కాను.

నా వంట బాగాలేదా, ఇల్లు శుభ్రంగా లేదా, నేను ముసలిదాన్నయ్యానా? ఏదైనా సరే, మొహాన చెప్పు. పడతాను. కానీ ఒక్కదానికి మాత్రం నిజం చెప్పు. ఆ బెర్గమో ఆవిడ పడిందా లేదా? కుక్క ఆవిడ మీదికి దూకిందా లేదా?

ఇసోలీనా


ఫ్లోరెన్సు,
29 జూన్ 1999

అక్కా,

నిజం కావాలన్నావు. ఇదిగో తీసుకో.

ఎవరూ పడలేదు. ఏ మణికట్టూ విరగలేదు. గట్టూ జారలేదు. నీకు చెప్పే ధైర్యం లేక ఏదో ఒకటి రాశాను. నువ్వు ప్రతిదాన్నీ పట్టుకుని ఇంతదాకా తెస్తావని నాకేం తెలుసు? కుక్కని చంపమని నేను రాయలేదు, కావాలంటే ఉత్తరం తీసి చూసుకో.

అసలు కారణం నువ్వే. నీ వంట కాదు, నీ నోరు. ప్రయాణం అయ్యాక మావాళ్ళు ఒక పుస్తకంలో అభిప్రాయం రాస్తారు. పోయిన ఏడాది వాటిల్లో తొమ్మిది నీమీదే. ఒక డాక్టరు రాసింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "రోజంతా స్వర్గంలో తిరిగాం. మూడో మజిలీలో మాత్రం ఒకావిడ మమ్మల్ని కూర్చోబెట్టి, లారీ కింద పడ్డ భర్త సంగతి చెప్పి, ఆయన్ని ఆ రోడ్డు మీదికి పంపినవాళ్ళదే తప్పని ఏడ్చింది. ఆ తర్వాత నా భార్య సైకిలెక్కనంది." వాళ్ళు ఇంత దూరం వచ్చేది బండ్లనీ చావులనీ మర్చిపోవడానికి. నువ్వు వాళ్ళకి వడ్డించేది రొట్టె కాదు, శవం.

పోనీ, అదైనా భరించేవాణ్ణి. ఆ సంగతి నీకు ఎవరు మోశారో నాకు తెలియదు, బావ సైకిలు వర్క్‌షాపు వాళ్ళే అయి ఉంటారు. అవును, ఆ రోజు వర్క్‌షాపుకి ఫోను చేసింది నేనే. ఒక అతిథి పెడలు విరిగింది. తొమ్మిదిమంది ఎండలో నిలబడి నన్ను తింటున్నారు. తెల్లకంకర బాట మీద వస్తే గంట, తారురోడ్డు మీద పావుగంట. "తారురోడ్డెక్కి వచ్చెయ్ బావా, ఈ ఒక్కసారికి" అన్నాను. ఆయన వద్దన్నాడు. "ఆ రోడ్డు మీద మధ్యాహ్నం ఇటుకల లారీలు తిరుగుతాయిరా" అన్నాడు. "భయమైతే సైకిలు దిగి నడిపించుకుంటూ రా" అని ఎగతాళి చేశాను. నా స్థానంలో ఎవరున్నా అదే అనేవాళ్ళు. లారీ తోలింది నేను కాదు.

నాలుగేళ్ళుగా నువ్వు ఒక్క మాట నన్ను అడగలేదు. నా ముఖాన ఉమ్మేసినా బాగుండేది. ముక్కూమొహం తెలియని వాళ్ళని, అదీ నా అతిథుల్ని కూర్చోబెట్టుకుని, శనివారం శనివారం నన్ను హంతకుణ్ణి చేస్తూ వచ్చావు. పైగా ప్రతి ఉత్తరంలో నడుంనొప్పి ఎలా ఉందని అడుగుతావు. అంత నటన నాకు చేతకాదు.

ఇంక ఆ మజిలీ ఉండదు. సెప్టెంబరులోనూ ఉండదు. తోటలోకి దిగి వాళ్ళని ఇబ్బంది పెట్టొద్దు.

నెల్లో


కాసా లుంగా,
12 జూలై 1999

నెల్లో,

నీ ఉత్తరం వాకిట్లో నిలబడి చదివాను. తర్వాత లోపలికెళ్ళి మళ్ళీ చదివాను. మూడోసారి ఒరెస్తెని పిలిచి గట్టిగా చదవమన్నాను, నా కళ్ళు నన్ను మోసం చేస్తున్నాయేమోనని. నువ్వు ఫోను చేశానని రాసిన చోటికొచ్చేసరికి ఆగిపోయాడు. "ఇది నీకు తెలుసా?" అన్నాడు.

నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఇవాళ నువ్వే చెప్పావు.

ఆ రోజు పొద్దున్న రొట్టెపిండి పొంగడానికి వేసే ఈస్టు అయిపోయింది. మర్నాడు పన్నెండింటికి నీ అతిథులొస్తారు. సైకిలెక్కబోతున్న మనిషిని వంటింట్లోంచే కేకేశాను. "మధ్యాహ్నం లోపల ఈస్టు తెచ్చి పడెయ్, ఆలస్యమైతే వాళ్ళకి రొట్టె బదులు నీ తలకాయ వడ్డిస్తాను" అన్నాను. ఆయన నవ్వి వెళ్ళాడు. సాయంత్రం పోలీసులు ఒక కవరు ఇచ్చారు. వాచీ, తాళాలు, ఈస్టు పొట్లం. ఏనాడూ తారురోడ్డెక్కని మనిషి ఎందుకెక్కాడంటే నా తొందర వల్లే కదా అనుకున్నాను. అప్పటినుంచి అదే అనుకుంటున్నాను. నీ అతిథులకి చెప్పిందీ అదే. "నా మొగుణ్ణి నేనే పంపాను, పిడికెడు ఈస్టు కోసం. మీరు మాత్రం ఎవరినీ తొందరపెట్టకండి" అని చెప్పేదాన్ని. నీ డాక్టరుగారు ఎవరు పంపారో రాయలేదు, నువ్వు వాస్కోని అడగలేదు. ఒక్క మాట అడిగితే చెప్పేవాడు, నా పక్కనే కూర్చుని వందసార్లు విన్నాడు. నీ గురించి కూడా చెప్పేదాన్ని. బావ పోయాక కుమిలిపోయి, ఇంకెవరికీ అలా కాకూడదని నా తమ్ముడు బండ్లు లేని దారులన్నీ వెతికి పట్టుకున్నాడని. వాళ్ళు తలలూపేవాళ్ళు.

శవం దగ్గర నువ్వు నాకంటే ఎక్కువ ఏడ్చావు. నేను నీ తల ఒళ్ళో పెట్టుకుని, "తప్పంతా నాదిరా, నేనే పంపాను" అన్నాను. గుర్తుందా? నువ్వు, "అలా అనకక్కా" అన్నావు. అంతటితో ఊరుకున్నావు. ఆ రోజు నువ్వు నోరు తెరిచి ఉంటే నేను నిన్ను కొట్టేదాన్ని, తిట్టేదాన్ని, ఏడాది తర్వాత అన్నం పెట్టేదాన్ని. తమ్ముడివి కదా. నువ్వు తెరవలేదు. నేను నాలుగేళ్ళు ప్రతి ఆదివారం సమాధి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నన్ను క్షమించమని ఆయన్ని అడిగాను. నిన్న వెళ్ళలేదు. ఏమని మాట్లాడాలో తెలియలేదు. అదొక్కటీ మిగిలింది నాకు, దాన్నీ తీసేశావు.

తోట కాగితం ఒరెస్తె చదివి చెప్పాడు. నేనెప్పుడు వద్దంటే అప్పుడు అనుమతి రద్దవుతుందట. పొద్దున్నే గొలుసూ తాళం పట్టుకుని కిందికి దిగాను. అంచున రెండు ఆలివు చెట్ల మధ్య కట్టేస్తే చాలు, శనివారానికి నీ వ్యాపారం అయిపోతుంది. చాలాసేపు నిలబడ్డాను. అది కట్టేస్తే ఆ పదకొండు మందీ మూడు కిలోమీటర్లు తారురోడ్డు మీద పోవాలి. ఇటుకల లారీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కట్టలేకపోయాను. నీ కోసం అనుకోకు. వాళ్ళని పోనీ. నేను తోటలోకి దిగను, ఎవరితోనూ మాట్లాడను.

నువ్వు మాత్రం ఈ కొండెక్కకు. ఉత్తరం రాయకు, రాసినా విప్పను. ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆయన్ని పంపింది నేనేనని చెప్తాను. ఆయన పేరు పక్కన నీ పేరు పలకడం నాకిష్టం లేదు. తోడబుట్టినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని అడిగితే, లేరని చెప్తాను.

ఇసోలీనా